నేలకు భయపడొద్దన్న మా పిలాటిస్ ఆంటీ

మా పిలాటిస్ ఆంటీ పోయింది. ఆదివారం పొద్దున ఆ వార్త ఆవిడ ఫోను నుంచే వచ్చింది, మంగళవారం వ్యాయామం క్లాసుల సంగతులు ఆవిడ రాసే వాట్సాప్ గ్రూపులోనే. పెట్టింది ఆవిడ కొడుకు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. రాత్రి నిద్రలో గుండె ఆగిపోయిందని, అమ్మకు మీరందరూ అంటే చాలా ఇష్టమని. పైన ఆవిడ పేరు కనపడేసరికి మా అమ్మమ్మ నవ్వుతూ ఫోను నా చేతికిచ్చింది. "ఈసారి తువాలు తెచ్చుకోమంటోందేమో చూడవే" అంది. నేను చదివి చెప్పాను.

అమ్మమ్మ పెనం కింద మంట ఆపింది. గట్టు పట్టుకుని నిలబడి, పెదవులు సన్నగా చేసి, చాలాసేపు ఊపిరి వదిలింది. ఆంటీ నేర్పింది అలాగే.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా నాన్న ఎంతో మెత్తగా, "ఇక చాలు అత్తయ్యగారూ. ఆ వ్యాయామాలన్నీ చేసిన ఆవిడే పోయింది కదా. మీరింక ఆ క్లాసులకు వెళ్ళకండి. హాయిగా రెస్ట్ తీసుకోండి" అన్నాడు. అమ్మ తలూపింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇది రాస్తున్నది ఆ మంటతోనే. సంతాప సభల్లో చదివే మెత్తటి వ్యాసం కావాలనుకున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

హాయిగా రెస్ట్ తీసుకోండి! దేశం దాటొచ్చి మనం స్థిరపడ్డ ఈ టార్నీట్‌లో మన తెలుగిళ్ళలో పెద్దవాళ్ళకు మనం పొద్దుటినుంచి రాత్రిదాకా వినిపించే మాట ఇదే. మంచినీళ్ళకు లేస్తే "కూర్చో, నేనిస్తా". గిన్నె తీస్తే "నీకెందుకమ్మా". కింద కూర్చోబోతే ఇద్దరు పరిగెత్తుకొచ్చి చెరో రెక్కా పట్టుకుంటాం. దీన్ని మర్యాద అంటాం. అలా చేతులూ కాళ్ళూ వాడనివ్వకుండా ఉంచి, రెండేళ్ళు తిరిగేసరికి "పాపం, పెద్దావిడ లేవలేకపోతోంది" అని నిట్టూరుస్తాం. లేవనిచ్చింది ఎప్పుడు గనక?

మా అమ్మమ్మ ఒకసారి బాత్రూములో తడి టైలు మీద జారింది. ఎముకలేం విరగలేదు. కానీ ఆ రోజు ఆవిణ్ణి లేపింది మా నాన్న, ఆయన గుండెల్లో ఆ భయం అలాగే ఉండిపోయింది. మర్నాడే హాల్లోకి వెనక్కి వాలే పెద్ద కుర్చీ ఒకటి వచ్చింది. టీవీ రిమోటు, మందులు, మంచినీళ్ళు అన్నీ దాని చేతిమీదే. అంతకుముందు రోజూ నేలమీద పీట వేసుకుని కూరలు తరుక్కున్న మనిషి, కొన్నాళ్ళకు నేలంటేనే జంకడం మొదలుపెట్టింది. దీపం పెట్టుకోవడానికి కూడా కింద కూర్చోవడం మానేసింది. ఒకరోజు నాతో, "నన్ను పటం కట్టి గోడకు తగిలించారే. దండొక్కటే తక్కువ" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఆ వారమే లైబ్రరీ నోటీసు బోర్డు మీద చేత్తో రాసిన కాగితం చూశాను. పెద్దవాళ్ళకు పిలాటిస్, మంగళవారం పొద్దున, కమ్యూనిటీ హాలు, తెలుగులో కూడా చెప్పబడును. ఆ 'చెప్పబడును' చూసి ఎవరో పాతకాలం మనిషి అనుకున్నాను.

నిజమే. ఫిజీ నుంచి వచ్చిన తెలుగామె. వాళ్ళ ముత్తాతల కాలంలో చెరకు తోటల కూలికని ఓడెక్కించి తీసుకెళ్ళిన కుటుంబం. ఆవిడ మాట్లాడేది తన అవ్వ దగ్గర నేర్చుకున్న తెలుగు, మధ్యలో హిందీ, చివర ఇంగ్లీషు. ఇక్కడికొచ్చాక చాలా ఏళ్ళు వృద్ధుల నర్సింగ్ హోముల్లో పనిచేసింది. మనుషుల్ని ఎత్తీ దించీ తన నడుమే పోయింది. ఫిజియో దగ్గరికెళ్తే ఆ అమ్మాయి పిలాటిస్ మొదలుపెట్టించింది. నడుము కుదుటపడ్డాక ఆవిడ అక్కడితో వదల్లేదు. తనే శిక్షణ తీసుకుని, పరీక్ష పాసై, ఇంతకాలం తను కుర్చీల్లోంచి లేపిన వాళ్ళలాంటి మనుషుల్ని ఆ కుర్చీల దాకా రాకముందే పట్టుకోవాలని క్లాసులు పెట్టింది.

మొదటి రోజు మా నాన్న కూడా వచ్చాడు, క్లాసు చూడ్డానికి కాదు, ఆపడానికి. ఈ వయసులో ఏమన్నా అయితే బాధ్యత ఎవరిదని గుమ్మంలోనే అడిగాడు. ఆంటీ ముందు అమ్మమ్మ డాక్టరు ఏమన్నాడో అడిగింది, ఒంట్లో ఎక్కడెక్కడ నొప్పులో అడిగింది. ఆ తర్వాత నాన్నకు జవాబు చెప్పింది.

"ఏం కాకూడదని కూర్చోబెడితే ఏమవుతుందో నువ్వు చూడలేదు బాబూ. నేను చూశాను. బాత్రూముకు తీసుకెళ్ళమని బెల్లు కొట్టి, ఎవరో వచ్చేదాకా కూర్చుని ఏడ్చేవాళ్ళు. నీ అత్తగారు ఎప్పుడూ ఆ బెల్లు కొట్టకూడదు. నాకు అంతే కావాలి."

నాన్న ఒప్పుకోలేదు, అలాగని ఆపనూ లేదు. తీసుకెళ్ళడం తీసుకురావడం నీదేనని నాకు అప్పగించి వెళ్ళిపోయాడు. యూనివర్సిటీలో మంగళవారం పొద్దున నాకు క్లాసుల్లేవు. అలా ఆ హాల్లో నేనొక్కదాన్నే కుర్రదాన్నయ్యాను.

నేను మనసులో ఏదో యుద్ధం ఊహించుకున్నాను. ఆవిడ ఎవర్నీ పడుకోమనలేదు, ఎవర్నీ వంగమనలేదు. అందర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి పక్కటెముకల మీద చేతులు పెట్టుకోమంది. "పీల్చడం అందరికీ వచ్చు. వదలడమే రాదు. వదలండి" అంది. మొదటి వారాల్లో అంతే. ఊపిరి వదులుతూ పొత్తికడుపును మెల్లగా లోపలికి తీసుకోవడం, వెన్ను నిటారుగా చేయడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి నిలబడడం, మళ్ళీ ధబ్బున పడకుండా నెమ్మదిగా కూర్చోవడం. చీరల్లో వచ్చినవాళ్ళు చీరల్లోనే చేశారు. ఒకావిడ మనవడి స్కూలు ట్రాక్ ప్యాంటు వేసుకొచ్చింది, తొడ మీద స్కూలు బొమ్మతో సహా. మిగతావాళ్ళు ఏడిపిస్తుంటే, "వాడు పదో క్లాసుకొచ్చాడు, ఇక దీన్లో పట్టడు, నాకు పట్టింది, చూసి ఏడవండి" అంది.

నేను జిమ్ముకు వెళ్ళేదాన్ని. బరువులెత్తేదాన్ని. ఇది వ్యాయామమా అనుకుని వాళ్ళు కుర్చీల్లో చేస్తుంటే పక్కన చాప మీద పడుకుని ఒక కాలు పైకెత్తాను. ఆంటీ వచ్చి, "దించు. అంత తొందరెందుకు? ఇంకా మెల్లగా. ఇంకా" అంది. కాలు సగానికి దిగేసరికి కడుపు దగ్గర్నుంచి పాదం దాకా ఆకులా వణికింది. నాకు తెలియని కండరాలేవో లోపల ఉన్నాయని అప్పుడు తెలిసింది. "ఊపులో ఎవరైనా ఎత్తుతారు పిల్లా. ఆపగలవా? అది బలం" అంది. అమ్మమ్మ తన కుర్చీలోంచి నన్ను చూసి ఎంత సంతోషించిందో చెప్పలేను.

ఇది మెత్తటి వ్యాయామం, నిజమే. గెంతడాల్లేవు, కీళ్ళ మీద బరువు పడదు, ఆయాసం రాదు. ఎవరి ఒంటికి ఎంత వీలైతే అంత. మోకాలు ఒప్పుకోనివాళ్ళకు ఆవిడ కుర్చీలో చేయించేది, మెడ నొప్పి ఉన్నవాళ్ళ తలకింద మడతపెట్టిన తువాలు పెట్టేది, నొప్పి వస్తే అక్కడితో ఆపించేది. ఇది మందు కాదని, డాక్టరు ఇచ్చిన మాత్రలు మానకూడదని మొదటే చెప్పేది. కానీ కొన్ని నెలల్లో నేను కళ్ళారా చూసినవి చెప్పకుండా ఎలా ఉంటాను? నడుం పట్టేసి మంచం మీంచి దొర్లి దిగే ఆవిడ మామూలుగా లేచి కూర్చుంది. తల తిరుగుతుందని గోడ పట్టుకుని నడిచే ఆవిడ మనవరాలి ప్రామ్ బండి తోసుకుంటూ హాలుకొచ్చింది. మా అమ్మమ్మ రాత్రిళ్ళు నిద్రపోవడం మొదలుపెట్టింది.

ఇంకో సంగతుంది. అది రాయొద్దని మా అమ్మ అంటోంది. రాస్తాను. ఒకరోజు ఆంటీ అందర్నీ కూర్చోబెట్టి, దగ్గితే తుమ్మితే మీలో ఎవరికి మూత్రం జారుతుందని అడిగింది. ఒకరు కిటికీలోంచి బయటికి చూశారు. ఒకరు పైట సర్దుకున్నారు. ఆంటీ తన చెయ్యి తనే పైకెత్తింది. "నాకు జారేది. నలుగురు బిడ్డల్ని కన్నాను, జారదా మరి?" అంది. అప్పుడు స్కూలు ట్రాక్ ప్యాంటు ఆవిడ చెయ్యి లేచింది. తర్వాత మా అమ్మమ్మది. తర్వాత దాదాపు అందరివీ. కొడుకు కారులో ఎక్కడికైనా తీసుకెళ్తానంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం మానేస్తున్నామని, ఫంక్షన్‌కెళ్తే బాత్రూము పక్క కుర్చీ వెతుక్కుంటున్నామని, ఇన్నేళ్ళుగా పిల్లలకు చెప్పలేదని ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. ఆ కింది కండరాల్ని ఎలా బిగించాలో, ఎలా వదలాలో ఆవిడ సిగ్గుపడకుండా, నవ్వులాట లేకుండా చెప్పింది. తగ్గకపోతే ఏ డాక్టర్ని అడగాలో చెప్పింది. సిగ్గు పేరు చెప్పి ఆడవాళ్ళకు దాహం వేయకుండా చేసిన లోకం మీద నాకు కోపం. ఆవిడ మాత్రం కోపంతో టైము వేస్టు చేయలేదు. ఆ తర్వాతి వారం నుంచి అందరూ సీసాలతో నీళ్ళు తెచ్చుకున్నారు.

నా కోపం గురించి ఆవిడ చాలా అనేది. నా బ్యాగు నిండా కరపత్రాలుంటాయి. యూనియన్లవీ, అద్దెదారుల సంఘాలవీ, ఏది దొరికితే అది. పిలాటిస్ కనిపెట్టినాయన యుద్ధకాలంలో నిర్బంధ శిబిరంలో తోటి ఖైదీల చేత వ్యాయామం చేయించాడని ఒకదాంట్లో చదివి పూనకమొచ్చినట్టు ఆవిడకు చెప్పాను. ఇది ఖైదీల విద్య ఆంటీ, దీన్నిప్పుడు అద్దాల స్టూడియోల్లో సన్నటి అమ్మాయిల ఫొటోలు పెట్టి అమ్ముకుంటున్నారు అన్నాను. ఆవిడ విన్నంతసేపూ విని, "భుజాలు చెవుల దాకా వచ్చేశాయి. దించు" అంది.

క్లాసు కోసం నేనూ ఒక కరపత్రం రాశాను. అమ్మమ్మలారా, నేల మీ సొంతం, దాన్ని తిరిగి తీసుకోండి అని మొదలుపెట్టి రెండు పేజీలు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పూర్తిగా చదివింది. "దీన్లో జనానికి కావాల్సింది మంగళవారం, పది గంటలు, హాలు. మిగతాదంతా నీ కోపం" అంది. అయినా ఒక కాపీ మడిచి తన సంచిలో పెట్టుకుంది.

మన అంకుల్స్ సంగతి చెప్పాలి. ఒకాయన హాలు బయట ఆవిణ్ణి ఆపి, మనకు యోగా ఉండగా ఈ తెల్లవాళ్ళ పిలాటిస్ ఏంటమ్మా అని నిలదీశాడు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది.

"యోగా చాలా మంచిది బాబూ. నువ్వు చేస్తున్నావా?"

తనకు టైమెక్కడిది అన్నాడాయన.

"అయితే నేను చేసేదానికి అడ్డం నిలబడ్డానికి మాత్రం టైముందన్నమాట. ఆ చాపలు కాస్త లోపల పెట్టు."

ఆయన పెట్టాడు. పెద్ద ఇంజనీరు, చాపలు చంకలో పెట్టుకుని వరసగా పరిచి మరీ వెళ్ళాడు.

ఆవిడ అన్న మాటల్లో నేను ఎప్పటికీ మర్చిపోనిది ఒకటుంది. క్లాసయ్యాక ఇద్దరం చాపలు చుడుతున్నాం. ఈ వయసులో అందరిచేతా ఎందుకింత వంగించడం అని ఎవరో అన్నారని నేను ఆవేశపడుతున్నాను. ఆవిడ చుట్టడం ఆపి, "మా అవ్వ నడుము చెరకు తోటలో వంగింది, ఒకడి కోసం. నేను నర్సింగ్ హోములో వంగాను, ఇంకొకడి కోసం. ఇప్పుడు నాకోసం వంగుతున్నా. ఎవడు వద్దంటాడో రమ్మను" అంది. నా కరపత్రాలన్నీ కలిపినా ఈ నాలుగు మాటలకు సరిపోవు.

కుర్చీ నుంచి గోడకు, గోడ నుంచి మోకాళ్ళకు, చివరికి నేలకు. అమ్మమ్మ నేలకు దిగడానికి చాలా నెలలు పట్టింది. ఆ రోజు చాప మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ, "ఇంకెలా లేవనే" అని కంగారుపడింది. నేను చెయ్యందించబోతే ఆంటీ నా చెయ్యి కిందికి కొట్టింది. అమ్మమ్మ చెవి దగ్గర కూర్చుని మెల్లగా చెప్పింది. పక్కకు తిరుగు. అరచెయ్యి నేలకు ఆనించు. మోకాళ్ళ మీదికి రా. ఒక పాదం ముందుకు వెయ్యి. తొడ మీద చేతులు పెట్టు. ఊపిరి వదులుతూ లే. అమ్మమ్మ లేచింది. లేచి, చుట్టూ చూసి, దిష్టి తగులుతుందన్నట్టు వెంటనే ముఖం మామూలుగా పెట్టేసుకుంది.

అయితే అదంతా హాల్లోనే. ఇంటికొస్తే మళ్ళీ ఆ పెద్ద కుర్చీయే. అమ్మమ్మ కదిలేలోపే నాన్న చెయ్యి అక్కడుండేది. నేను గొడవపడబోతే ఆంటీ వద్దనేది. "మీ నాన్నది భయం. భయంతో వాదించకు, అది గెలుస్తుంది" అనేది. అందువల్ల అమ్మమ్మ తనంతట తను నేలమీంచి లేవడం మా నాన్న ఒక్కసారి కూడా చూడలేదు.

ఆంటీ గుండె బలహీనమని మాకందరికీ తెలుసు. ఆవిడే చెప్పింది. వాల్వు పాతబడిందని, డాక్టరుకు చెప్పే ఇవన్నీ చేస్తున్నానని, ఆయాసమొస్తే తను కూడా కూర్చుంటానని. అలా కూర్చునే క్లాసు చెప్పిన రోజులున్నాయి. ఒకసారి ఎవరో అడిగారు, ఇవి చేస్తే ఆయుష్షు పెరుగుతుందా అని. "అది నాకు తెలీదు. ఉన్నన్నాళ్ళు నా చెప్పులు నేనే వేసుకుంటాను" అంది. పోయే ముందురోజు శనివారం ఆవిడ తన పెరట్లో వంగి కరివేపాకు మొక్కకు పాదు చేసిందని కొడుకు చెప్పాడు. ఆవిడ ఎవరికోసం ఏ బెల్లూ కొట్టలేదు.

బుధవారం సాయంత్రం వాళ్ళింట్లో భజన పెట్టారు. ఇక్కడి ఇళ్ళలో అంతమంది పట్టేది గ్యారేజీలోనే. కార్లు బయటికి తీసి, తెల్ల దుప్పట్లు పరిచి, పెద్దవాళ్ళకోసం గోడ వారన కుర్చీలు వేశారు. ఆవిడ ఫొటోకు దండ వేసి ఉంది. మేము వెళ్ళేసరికి మా క్లాసు ఆడవాళ్ళంతా వచ్చేశారు. వాళ్ళలో ఒక్కరు కూడా కుర్చీల్లో లేరు. అమ్మమ్మ నా చెయ్యి వదిలించుకుని, వాళ్ళ మధ్యకు వెళ్ళి, మోకాలు ఆనించి, నెమ్మదిగా దుప్పటి మీద కూర్చుంది. నాన్న అప్పటికింకా కారు పార్కు చేస్తున్నాడు.

లోపలికొచ్చి చూసి కంగారుపడ్డాడు. గట్టిగా అంటే బాగుండదని నాకు సైగ చేశాడు, కుర్చీలోకి మార్చమని. నేను చూడనట్టు ఊరుకున్నాను. మా వెనక కుర్చీలోంచి ఎవరో అంకుల్ పక్కాయనతో అంటున్నాడు, రోజూ ఎక్సర్‌సైజులు చేసేదట, ఏం లాభం, పోనే పోయిందిగా అని. ఆ మాట మా వరస మొత్తం వింది. నేను వెనక్కి తిరిగాను. అమ్మమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. అంతే, మళ్ళీ ముందుకు తిరిగాను.

భజన అయ్యింది. హారతికి అందరూ లేవాలి. ఒక్కసారిగా గ్యారేజీలో అలజడి. కొడుకులు, అల్లుళ్ళు, మనవలు మా వరస వైపు వంగి చేతులు చాచారు. నాన్న అందరికంటే ముందొచ్చాడు.

"ఆగండి బాబూ" అంది అమ్మమ్మ.

"పడతారు అత్తయ్యగారూ."

"పడితే పట్టుకోండి. ముందు లేవనివ్వండి."

పక్కకు తిరిగింది. అరచెయ్యి నేలకు ఆనించింది. మోకాళ్ళ మీదికి వచ్చింది. ఒక పాదం ముందుకు వేసింది. తొడ మీద రెండు చేతులు పెట్టుకుంది. ఊపిరి వదిలింది, అందరికీ వినపడేలా. లేచింది. ఆవిడ పక్కావిడ లేచింది. ఆ పక్కావిడ. వరస వరసంతా ఒకరి తర్వాత ఒకరు, ఎవరూ తొందరపడకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. చాచిన చేతులన్నీ గాలిలో అలాగే ఉండిపోయాయి. ఫొటో పక్కన నిలబడ్డ ఆంటీ కొడుకు హారతి పళ్ళెం పట్టుకుని, వాళ్ళందరూ లేచేదాకా వెలిగించకుండా ఆగాడు. వెనక కుర్చీలోని అంకుల్ తన కుర్చీ చేతులు రెండూ నొక్కి పట్టుకుని, మూలుగుతూ లేచాడు.

హారతయ్యాక టీలు తెచ్చారు. నాన్న ఒక కుర్చీ లాక్కొచ్చి అమ్మమ్మ వెనక వేశాడు. అమ్మమ్మ కుర్చీ వైపు చూసింది, నాన్న వైపు చూసింది, మళ్ళీ దుప్పటి మీదే కూర్చుంది. కూర్చుని, మంగళవారం హాలు తాళం ఎవరు తెస్తున్నారని పక్కవాళ్ళను అడిగింది. కొత్త టీచరు దొరికేదాకా నేర్చుకున్నంతవరకు మనమే చేసుకుందామని వాళ్ళు అప్పటికే అనుకున్నారు. నాన్న టీ కప్పు పక్కన పెట్టి, ఖాళీ కుర్చీ పట్టుకుని, తనూ నేలమీదికి దిగడం మొదలుపెట్టాడు. సగం దిగాక ఆగిపోయాడు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. కిందికీ పోలేక, పైకీ రాలేక, కుర్చీ కాలు గట్టిగా పట్టుకుని అమ్మమ్మ వైపు చూశాడు.

అమ్మమ్మ చెయ్యందించలేదు. పక్కకు జరిగి ఆయనకు చోటు చేసింది.

"ఊపిరి వదలండి బాబూ" అంది.